పదిహేను పుస్తకాల్లో ఎనిమిదోది

రుద్రంకోట శాఖా గ్రంథాలయంలో ఊడ్చే పనికి అనసూర్య చేరింది చదువు మీద ప్రేమతో కాదు. అక్కడి బీరువాలో ఒక పాత పుస్తకం ఉందని, అందులో ముప్పై ఒకటో పేజీలో తన అన్న పేరు ఉందని తెలిసి చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. ఇప్పుడు యాభై నాలుగు.

పుస్తకం పెద్దదేమీ కాదు. నలభై పేజీలు, గోధుమరంగు అట్ట, ధర రెండు రూపాయలు. అట్ట మీద బొమ్మ లేదు. 'రుద్రంకోట సంఘటనలపై నిజనిర్ధారణ కమిటీ నివేదిక' అని నల్లటి అక్షరాలు, అంతే. నలభై ఏళ్ల కింద హైదరాబాద్ నుంచి ఇద్దరు లాయర్లు, ఒక కాలేజీ పంతులు, ఒక డాక్టరమ్మ వచ్చి, మూడు రోజులు ఊళ్లో ఉండి, భయపడుతూ చెప్పినవాళ్ల దగ్గర చెప్పినంత రాసుకుపోయి అచ్చేశారు. ఆ రోజుల్లో ఇటువైపు అలాంటి పుస్తకాలు చాలా వచ్చాయి. సోదాలకు భయపడి జనమే వాటిని బావుల్లో వేశారు, పొయ్యిల్లో పెట్టారు. ఈ ఒక్క ప్రతిని ఎవరో బడిపంతులు బదిలీ మీద పోతూ గ్రంథాలయానికి ఇచ్చాడు. అప్పటి లైబ్రేరియన్ లోపల ఏముందో చూడకుండానే ముద్ర కొట్టి, నాలుగు వందల పదిహేడో నంబరు వేసి బీరువాలో పెట్టాడు. ఆయన చదవలేదు కాబట్టే అది బతికింది.

ముప్పై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'దూడం పరశురాములు, 19 ఏళ్లు, పద్మశాలి, మగ్గం నేత. తల్లి శంకరవ్వ. గడిలో పెళ్లికి కూలి లేకుండా బట్ట నేసేది లేదని నలభై మగ్గాలు ఆపించాడు. పన్నెండో రోజు పొద్దున మగ్గం గుంటలో నుంచి లేపి జీపులో తీసుకుపోయారు. మేము వెళ్లేనాటికి అతని జాడ లేదు.'

ఆ పొద్దున అనసూర్యకు పద్నాలుగేళ్లు. అన్న పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. జీపు పోయాక చూస్తే చేతిలో కండె అలాగే తిరుగుతోందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ఏడవదు. "గంత బుద్ధిలేని చెయ్యి," అంటుంది, తన చేతిని తానే చూసుకుంటూ.

గడి, అంటే దొరల కోట, ఎవరిదో కూడా చెప్పుకోవాలి. రుద్రంకోట వారు అంటే మెట్‌పల్లి నుంచి ఇటు ఎవరికైనా తెలుసు. తాతను పెద్దసారు అనేవారు. ఆయన ఎమ్మెల్యే. కొడుకు మంత్రి. మనుమడు ఇప్పుడు ఎమ్మెల్యే. మధ్యలో ఒక కోడలు జిల్లా పరిషత్తులో ఉంది. జెండాల రంగులు మూడు మారాయి. గడి గేటు రంగు ఒక్కటే ఉంది. జీపు ఎవరిదో కమిటీ తన పుస్తకంలో నంబరుతో సహా రాసింది. కేసు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

శంకరవ్వ కొడుకును వెతికింది. జీపు ఉట్నూర్ అడవుల వైపు పోయిందని ఎవరో అన్నారు. ఫొటో చూపిద్దామంటే పరశురాములు ఎన్నడూ ఫొటో దిగలేదు. అందుకని అతని అంగీ ఒకటి సంచిలో పెట్టుకుని పోయింది. ఉట్నూర్ సంతలో, ఆ పక్క గూడేల్లో, జీపులు ఆగే చోట, ఆ అంగీని రెండు చేతులా విప్పి పట్టుకుని, "గీ అంగీ పట్టే అంత పోరగాడు ఎవలన్న అవుపడ్డడా?" అని అడిగింది. ఆదిలాబాద్ దాటి మరాఠీ ఊళ్లలోకి పోతే ఒక ముసలామె అంగీని చేత్తో తడిమి, "మాయిత్ నాహీ, బాయీ" అని, కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. తెలియదమ్మా అని ఆ మాటకు అర్థం, శంకరవ్వకు తెలుసు. అయినా రొట్టె తిన్నాక మళ్లీ అడిగింది.

పిల్లవాడు బడికి పోలేదు. అప్పట్లో ఓటు వయసు ఇరవై ఒకటి, అది రాలేదు. కొత్త రేషన్ కార్డులు ఇచ్చినప్పుడు, "గీ పేరుగల మనిషి ఏడీ, సూపెట్టు" అని ఆ పేరు కొట్టేశారు. పుట్టినట్టు కాగితం లేదు, పోయినట్టు కాగితం లేదు. గ్రంథాలయంలో చేరిన ఏడాదే అనసూర్య ఆ పేజీ జిరాక్స్ తీయించి తల్లిని వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయింది. అక్కడి గుమస్తా మంచివాడే. కూర్చోమన్నాడు. అంతా చదివాడు.

"గిది ఎవలో అచ్చేసుకున్న బుక్కు అవ్వా," అన్నాడు. "దీని మీద నేను సంతకం పెట్టలేను. సర్కారు రికార్డుల ఏడన్న నీ కొడుకు పేరు ఉంటే పట్టుకరా, గప్పుడు జూద్దాం."

"సర్కారు రికార్డుల ఉంటే నీ కాడికెందుకొస్త బిడ్డా?" అంది శంకరవ్వ.

ఆ ఒక్క ప్రశ్నకు ఈ రాష్ట్రంలో ఏ ఆఫీసూ ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. శంకరవ్వ ఎనిమిదేళ్ల కింద పోయింది. పోయేముందు కూతురితో చెప్పింది: "నీ అన్న గీ భూమ్మీద నడిసిండని సర్కారోళ్లతోని ఒక్క కాయితం రాయించు. చచ్చిండని రాసినా మంచిదే. ఉన్నడని రాయకుంట చచ్చిండని ఎట్ల రాస్తరు?"

అనసూర్యకు మిగిలింది ఆ పని. మిగతా బతుకంతా దాని చుట్టూ ఉన్న పనే.

*

గ్రంథాలయంలో లైబ్రేరియన్ ఉద్యోగం పదకొండేళ్లుగా ఖాళీ. నాలుగు ఊళ్లకు కలిపి ఇన్‌చార్జిగా నవీన అని ఒక అమ్మాయి మంగళవారాలు వచ్చిపోయేది. హుస్నాబాద్ వైపు పిల్ల, ముప్పై దాటలేదు, స్కూటీ మీద తిరిగి తిరిగి నడుము పట్టేసిన పిల్ల. మిగతా ఆరు రోజులూ అనసూర్యే. ఊడ్చేది ఆమె, పేపర్లు పరిచేది ఆమె, పుస్తకాలు ఇచ్చేది, రాసుకునేది ఆమె. ఐదో తరగతి చదివిన మనిషి బీరువాలన్నీ ఒక్కొక్కటిగా చదివేసింది. అయినా జీతం కాగితం మీద ఆమె 'పార్ట్‌టైం స్వీపర్'.

ఆ జీతంతో కడుపు నిండదు. అందుకే ఊళ్లో చాలామంది ఆడవాళ్లలాగా ఆమె కూడా బీడీలు చేస్తుంది. మధ్యాహ్నం పూట గ్రంథాలయం వరండాలో ఐదారుగురు చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం. అనసూర్య ఒకరోజు చుడుతుంది, ఒకరోజు వాళ్ల కోసం చదువుతుంది. చదివిన రోజు ఆమె చేటలోకి తలా ఒక కట్ట వేస్తారు. డెబ్బై ఏళ్ల రామవ్వకు పేపర్లో రాజకీయాలే కావాలి.

"సినిమా ముచ్చట్లు నాకెందుకే? గా అసెంబ్లీల ఎవలు ఎవలిని తిట్టిండ్రో గది సదువు," అంటుంది.

బీడీ కట్టలో ఇరవై ఐదు ఉంటాయి. ఆకు బాగా లేనప్పుడు కొన్ని బీడీలు సన్నగా వస్తాయి, వాటిని పారేస్తే రోజు కూలి గిట్టదు. అందుకని కట్ట కట్టేటప్పుడు సన్నవాటిని నడుమ పెట్టి, చుట్టూ మంచివి పేరుస్తారు. కార్ఖానాలో చెకర్ కట్టను పైనుంచి, పక్కనుంచి చూస్తాడు. నడుమ ఏముందో చూడడు. ఏదన్నా దాచాలంటే నడుమ పెట్టాలని అనసూర్య చేతికి నలభై ఏళ్లుగా తెలుసు. ఆ అలవాటే ఆమెను ముంచింది.

*

ఈ ఏడాది పెద్దసారు శతజయంతి వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి కాగితం దిగింది. ప్రతి శాఖలో 'రుద్రంకోట కుటుంబం: తప్పక చదవాల్సిన పుస్తకాలు' అని ఒక మూల ఏర్పాటు చేయాలి, ఫ్లెక్సీ కట్టాలి, ఎమ్మెల్యేగారు స్వయంగా వచ్చి ప్రారంభిస్తారు. కాగితంతో పాటు పద్నాలుగు పుస్తకాల పేర్లు పంపారు. పెద్దసారు జీవితం, పెద్దసారు ఉపన్యాసాలు రెండు భాగాలు, మంత్రిగారి షష్టిపూర్తి సంచిక, మంత్రిగారు జపాన్ వెళ్లొచ్చి రాసిన పుస్తకం, కోడలు రాసిన భక్తిగీతాలు, ఇప్పటి ఎమ్మెల్యే పాదయాత్ర ఫొటోల ఆల్బం. అన్నింటికీ మెరిసే అట్టలు, అన్నింటి మీదా ముఖాలు. పట్టాలు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు ఏమిటో తెలుసుకునే పుస్తకం కావాలని ఊరి పిల్లలు మూడేళ్లుగా అడుగుతుంటే ఒక్కటి పంపని ఆఫీసు, ఈ పద్నాలుగింటినీ వారం లోపల పెట్టెలో పెట్టి పంపింది.

కాగితం చివర ఒక వరుస ఉంది. 'ఈ కుటుంబానికి సంబంధించి శాఖలో ఇంకేదైనా అరుదైన పుస్తకం ఒకే ప్రతి ఉన్నట్లయితే జాబితాలో చేర్చగలరు. అట్టి పుస్తకాలను స్కాన్ చేయించి ప్రభుత్వ రికార్డులో భద్రపరచబడును.'

అనసూర్య ఆ వరుసను ఎన్నిసార్లు చదివిందో. ప్రభుత్వ రికార్డు. మండలాఫీసు గుమస్తా అడిగిన మాట అదే. పుస్తకానికి వయసైపోయింది కూడా. కాగితం విరిగిపోతోంది. ముప్పై ఒకటో పేజీ పై మూల అప్పటికే రాలిపోయి పరశురాములు ఇంటిపేరు దగ్గరికి వచ్చింది. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే పేరు కూడా పోతుంది.

మంగళవారం నవీన వచ్చింది. ఫ్లెక్సీ వేసే మెట్‌పల్లి దుకాణానికి పుస్తకాల అట్టల ఫొటోలు పంపాలి. అనసూర్య పుస్తకాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి పెట్టింది. ముందు ఏడు, వెనక ఏడు. నడుమ నాలుగు వందల పదిహేడు.

నవీన ఫోన్‌తో ఒక్కొక్కటీ తీసుకుంటూ ఎనిమిదో దాని దగ్గర ఆగింది. "గిదేంది అక్కా, నివేదికట?"

"ఊరి ముచ్చట్లు మేడం. పాతది. ఒక్కటే ఉన్నది," అంది అనసూర్య.

"రుద్రంకోట వాళ్లదేనా?"

"వాళ్లదే."

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నవీన ఇంకా రెండు ఊళ్లు తిరగాల్సి ఉంది, ఫోన్ చార్జింగ్ పదిహేను శాతం ఉంది. ఫొటో తీసి పంపేసింది. ఆ పిల్ల తనను నమ్మిందన్న సంగతి అనసూర్యకు ఆ రోజు తట్టలేదు. తర్వాత తట్టింది, ఇప్పటికీ ముల్లులా ఉంది.

*

శతజయంతి నాడు పొద్దున ఎనిమిదింటికి ఫ్లెక్సీ వచ్చింది. ఇద్దరు మనుషులు గేటుకు రెండు వైపులా తాళ్లతో కట్టి పోయారు.

పదిహేను పుస్తకాలు. దుకాణం వాడు వరసకు ఐదు చొప్పున మూడు వరుసలు పెట్టాడు. పదిహేనింటిని అలా పెడితే ఎనిమిదోది ఎక్కడ వస్తుందో ఎవరైనా వేళ్ల మీద చూసుకోవచ్చు. సరిగ్గా నడుమ. పెద్దసారు పటానికి నేరుగా కింద. చుట్టూ పద్నాలుగు మెరిసే ముఖాలు, నడుమ బొమ్మలేని గోధుమరంగు అట్ట. దూరం నుంచి చూస్తే కళ్లు ముందు దాని మీదికే పోతున్నాయి.

అనసూర్య చీపురు చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయింది. కట్టలో నడుమ ఉన్నది దాగుతుంది. గోడ మీద నడుమ ఉన్నది కనబడుతుంది. ఆ తేడా ఆమె చేతికి తెలియదు.

రామవ్వ చేట పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. "అందరి మొకాలున్నయ్, నడుమ గా మొకంలేని బుక్కు ఎవలిదే?" అంది.

"మా అన్నది," అంది అనసూర్య మెల్లగా.

రామవ్వ చేట కింద పెట్టేసింది. ఆ రోజు ఆగిన నలభై మగ్గాల్లో ఒకటి ఆమె మొగుడిది. "అయ్యో, నీ ఇల్లు సల్లగుండ! ఏం పని జేసినవే పోరీ? తీస్తవా, సింపుతవా, ఏమన్న జెయ్యి!"

"గంత మీదికి నాకు అందదు అత్తా."

తొమ్మిదింటికి పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ టీచర్లు చూశారు. ఒకాయన నిజనిర్ధారణ అన్న మాటను పైకి చదివి, చుట్టూ చూసి, మళ్లీ పైకి చదవలేదు. తొమ్మిదిన్నరకు ఫొటోలు ఊరంతా తిరిగాయి. పదింటికి గ్రంథాలయం ముందు ముప్పై మంది ఉన్నారు. ఇన్నేళ్లలో అంతమంది ఆ గేటు దగ్గరికి రావడం అనసూర్య చూడలేదు. సాలెవాడ నుంచి ఒక ముసలాయన లోపలికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "గా ఎనిమిదో నంబరు ఉన్నదా అమ్మా? చదువ రాదు నాకు. అండ్ల మా తమ్మునిది ఏమన్న రాసిండ్రా, జూసి చెప్పు."

పుస్తకంలో మొత్తం ఐదుగురి పేర్లున్నాయి. ఆయన తమ్ముడిది ఇరవై ఆరో పేజీలో ఉంది. అనసూర్య తీసి చదివింది. ఆయన విని, తలపాగా తీసి చేతిలో పట్టుకుని వెళ్లిపోయాడు. ఇరవై నాలుగేళ్లు తన అన్న ఒక్కడి కోసమే ఆ పుస్తకాన్ని దాచుకున్నానని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ వెనకే భానుప్రసాద్ వచ్చాడు. పార్టీ మండలం బాధ్యుడు, గ్రంథాలయ కమిటీలో కూడా మెంబరు, అయినా లోపల కాలు పెట్టడం ఇదే మొదటిసారి. తెల్లచొక్కా, ఎర్రబడ్డ ముఖం, వెంట ఇద్దరు.

"ఏది అక్కా గా బుక్కు? జర ఇటియ్యి."

"ఏ బుక్కు సారు?"

"మా తోని మజాక్ జెయ్యకు. నడుమ పెట్టిచ్చినవ్ గద, గా బుక్కు."

అనసూర్య పుస్తకాన్ని గుండెకు పట్టుకునే ఉంది. దాచడానికి చోటు లేదు. పరిగెత్తే వయసు కాదు. అరిస్తే బయట ముప్పై మంది ఉన్నారు. కానీ ఆ ముప్పై మందిలో ఎవరికి ఏమవుతుందో ఆమెకు నలభై ఏళ్ల కిందే తెలుసు. ఏం చేయాలో తోచక, రోజూ చేసే పనే చేసింది. బల్ల దగ్గరికి పోయి ఇచ్చే పుస్తకాల రిజిస్టర్ తెరిచింది.

"రాసుకోవాలె సారు. సంతకం లేంది పుస్తకం గడప దాటది."

"లైబ్రరీ ఎవలు కట్టిచ్చిండ్రో ఎరికేనా నీకు? పెద్దసారు కట్టిచ్చిండు."

"ఎరికే. రిజిస్టర్ గూడ పెద్దసారు ఉన్నప్పటిదే."

వెంట ఉన్నవాడు ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. భానుప్రసాద్ ఫోన్ మోగింది. ఎమ్మెల్యే కాన్వాయ్ మెట్‌పల్లి దాటింది. "రాయి, రాయి, తొందరగ రాయి," అన్నాడు.

అనసూర్య రాసింది. తేదీ. పుస్తకం నంబరు, నాలుగు వందల పదిహేడు. పేరు. తీసుకుపోయేవారు, భానుప్రసాద్, మెంబరు. చివర కుడి పక్కన రిమార్కుల కాలమ్ ఉంటుంది. పుస్తకం చిరిగి ఉంటే ఇచ్చేముందు ఎంత చిరిగిందో అందులో రాయాలి, తిరిగి వచ్చాక గొడవ రాకుండా. ఇరవై నాలుగేళ్లుగా ఆమె ఆ పని తప్పలేదు. కలం ఆ కాలమ్ దగ్గరికి వచ్చి ఆగింది. తర్వాత చిన్న చిన్న అక్షరాలతో మొదలుపెట్టింది.

'పేజీ 31 పై మూల రాలిపోయినది. చదువుటకు వీలుగా ఉన్నది: దూడం పరశురాములు, 19 ఏళ్లు, పద్మశాలి, మగ్గం నేత, తల్లి శంకరవ్వ...'

"గంత ఏం రాస్తున్నవే? పెండ్లి పత్రిక రాస్తున్నవా?"

"బుక్కు మస్తు చినిగున్నది సారు. ఎంత చినిగిందో ఇప్పుడే రాసుకోకుంటే రేపు ఎవలన్న అడిగితే భానుప్రసాద్ సారే చింపిండంటరు. నీ మంచికే రాస్తున్న."

అతను ఒక క్షణం ఆలోచించాడు. బయట ముప్పై మంది చేతుల్లో ఫోన్లున్నాయి. "అయితే మంచిగ రాయి," అన్నాడు.

కాలమ్ సరిపోలేదు. పక్క అంచు మీదికి, అక్కడి నుంచి కిందికి అక్షరాలు పాకాయి. ముప్పై ఒకటి తర్వాత ఇరవై ఆరో పేజీ కూడా చిరిగిందని రాసి, ఆ ముసలాయన తమ్ముడి పేరు ఎక్కించింది. అది చిరగలేదు. మిగతా ముగ్గురివీ రాయడానికి టైం చాలలేదు. జీపు హారన్ వినబడింది. భానుప్రసాద్ చదవకుండా సంతకం గీకాడు. ఆమె తేదీ ముద్ర గుద్ది, పుస్తకాన్ని రెండు చేతులతో ఇచ్చింది. అతను దాన్ని నిలువునా మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. మడత దగ్గర కాగితం విరిగిన చప్పుడు ఆమెకు వినబడింది.

ఫ్లెక్సీ విప్పే వ్యవధి లేక ఎనిమిదో బొమ్మను బ్లేడుతో చతురస్రంగా కోసేశారు. ఆ బొక్కలో నుంచి గ్రంథాలయం గోడ కనబడింది. దాని కిందనే నిలబడి ఎమ్మెల్యే పది నిమిషాలు మాట్లాడాడు. పుస్తకాలు చదవడం తమ ఇంటి అలవాటన్నాడు. వరండాలో నుంచి రామవ్వ, "నడుమ బీడీ గుంజిన కట్ట లెక్క లేదానే?" అని గొణిగింది.

*

నాలుగో రోజు అనసూర్యను పనికి రావద్దన్నారు. కాగితం ఇవ్వలేదు. కాగితం ఇచ్చి పనిలో పెట్టుకోలేదు కాబట్టి తీసెయ్యడానికీ కాగితం అక్కర్లేదన్నారు. గ్రంథాలయానికి తాళం పడింది. మరమ్మతులు చేసి పెద్దసారు స్మారక భవనం చేస్తారట. రిజిస్టర్లు, పాత ఫైళ్లు గోనెసంచుల్లో కట్టి జిల్లా ఆఫీసుకు తీసుకుపోయారు. నవీనకు మెమో ఇచ్చి ఆదిలాబాద్ వైపు ఏజెన్సీకి బదిలీ చేశారు.

నెల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వెనక ఎక్కడో జీపు శబ్దం.

"నువ్వు నాకు అబద్ధం చెప్పినవ్ అక్కా."

"చెప్పిన మేడం."

"అడిగితే నేనే ఏదన్న తొవ్వ జూస్తుంటి గద."

"అడిగితే వద్దంటవేమోనని భయమైంది."

తర్వాత నవీన అంది: "సంచుల కట్టేటప్పుడు నేను ఉన్న. గా రిజిస్టర్ జూసిన. నువ్వు రాసింది జూసిన. సమాచార హక్కు కింద గా పేజీ నకలుకు అర్జీ పెట్టు. ముద్ర కొట్టి ఇయ్యాలె వాళ్లు. నా పేరు మాత్రం జెప్పకు."

పుస్తకం పోయింది. ఎక్కడ కాల్చారో, ఏ కాలువలో వేశారో తెలియదు. భానుప్రసాద్‌ను అడిగితే, "ఏ బుక్కు?" అంటాడు. అనసూర్య దగ్గర ఉన్నది పాత జిరాక్స్ ఒక్కటే, ఇప్పుడు దానికి అసలు కూడా లేదు. ఆ రిజిస్టర్ పేజీ మాత్రం సర్కారుది. సర్కారు నంబరు, సర్కారు ముద్ర, ఆ ఇంటి మనిషి సంతకం. దాని మీద తన అన్న పేరు. తల్లి అడిగిన కాగితం ఈ భూమ్మీద ఉంటే, అది ఆ గోనెసంచిలో ఉంది.

అర్జీ పెట్టింది. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. నలభై ఒకటో రోజు పోస్టు వచ్చింది. వరండా లేదు కాబట్టి అప్పుడు ఆడవాళ్లు రామవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తున్నారు. అనసూర్య కవరు చింపకుండా కత్తెరతో మెల్లగా కోసింది. లోపల ఒక్క కాగితం. పైన గుండ్రటి ముద్ర, నిజప్రతి అని సంతకం.

తేదీ ఉంది. నాలుగు వందల పదిహేడు ఉంది. నివేదిక పేరు ఉంది. భానుప్రసాద్ సంతకం స్పష్టంగా ఉంది. రిజిస్టర్ పెద్దది. జిరాక్స్ మెషిన్ మీద నిలువుగా పెట్టి తీశారు. కుడి అంచు పట్టలేదు. రిమార్కుల కాలమ్‌లో మొదటి వరస 'పేజీ 31 పై' అని, రెండోది 'దూడం పర' అని, మిగతా వరుసలు కూడా అలాగే సగం సగం తెగి, ఆ తర్వాత తెల్ల కాగితం.

"ఏం రాసిండ్రే? సదువు," అంది రామవ్వ.

అనసూర్య చదవలేదు. చేటలో ఆకు ఎండుతోంది. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని ఆ రెండక్షరాల తర్వాత ఉన్న ఖాళీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. కావాలని చేశారో, మెషిన్ ముందు నిలబడినవాడికి పట్టింపు లేక చేశాడో తెలియదు. మనలాంటివాళ్లకు ఆ రెండింటికీ తేడా ఎప్పుడూ తెలియదు. స్మారక భవనానికి కొత్త బీరువాలు వచ్చాయట. పాత కాగితాలు వేలం వేస్తారని కూడా అంటున్నారు.

మరునాడు పొద్దున మళ్లీ అర్జీ రాసింది. అరుగు మీద పక్కనే కూర్చుని నేను చూశాను. అయిదో తరగతి చదివిన చేతితో, ఒక్క కొట్టివేత లేకుండా, రిజిస్టర్ పేరు, పేజీ, తేదీ అన్నీ రాసింది. అన్న గురించి ఒక్క ముక్క రాయలేదు. కింద, సంతకానికి ముందు, ఒక వాక్యం వేరుగా పెట్టింది.

'ఈసారి రిజిస్టర్‌ను అడ్డంగా పెట్టి, కుడి పక్క కాలమ్ పూర్తిగా వచ్చేటట్టు తీయగలరని మనవి.'